ఏడు గంటల గీత

ఆగస్టు 2

ఇది లాబ్ నోట్‌బుక్ కాదు. లాబ్ నోట్‌బుక్‌లో తప్పు రాస్తే దాని మీద ఒకే ఒక గీత కొట్టాలి, కింద ఉన్న తప్పు చదవడానికి వీలుగా ఉండాలి, పక్కన సంతకం, తేదీ పెట్టాలి. మొదటి రోజు మేడమ్ చెప్పిన రూలు అదే. "తప్పు చేస్తే తిడతాను, అంతే. తప్పు కనపడకుండా చేస్తే పంపించేస్తాను" అన్నారు. మూడేళ్లయినా ఆ మాట నా చెవిలో అలాగే ఉంది. ఇందులో మాత్రం ఆ రూలు లేదు. ఇష్టం వచ్చినట్టు కొట్టేసుకోవచ్చు, చింపేసుకోవచ్చు.

ఇవాళ మా డాబా మీద గాల్లోని పుప్పొడి పట్టే ట్రాప్ పెట్టారు. ఊళ్లో ఇది ఆరోది. మిగతా అయిదూ రాగ్‌వీడ్ బలిసిన చోట్ల ఉన్నాయి: రైలు పట్టాల పక్కన, ఖాళీ స్థలాల్లో, ఇటుకల బట్టీ దగ్గర. ఆ మొక్క పుప్పొడి గాల్లో ఎంత ఉందో, దానికీ ఆస్పత్రికి వచ్చే ఉబ్బసం రోగులకూ లంకె ఏమిటో చూడటం మా పని. పోల్చి చూడటానికి మొక్క అసలు లేని చోటు ఒకటి కావాలని మేడమ్ మ్యాప్ మీద వెతుకుతుంటే, అమ్మ పనిచేసే లాండ్రీ, దాని పైన మా ఇల్లు ఉన్న వీధి ఏ గుర్తూ లేకుండా తెల్లగా కనిపించింది. నేనే చెయ్యెత్తాను.

"మీ ఇల్లు సున్నా రావాలి. అక్కడ సున్నా వస్తేనే మిగతా అయిదు చోట్ల వచ్చిన అంకెలకి విలువ" అన్నారు మేడమ్. రిపోర్టు మీద ఆవిడ పేరు కింద నా పేరు ఉంటుందట. మా ఇంట్లో ఇంతవరకూ అచ్చులో పేరు పడిన వాళ్లు లేరు.

అమ్మ పైకి వచ్చి ట్రాప్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. గాలి ఎటు వీస్తే అటు తిరగడానికి దానికి వెనకాల రేకు తోక ఉంటుంది, ముందు సన్నటి చీలిక.

"తోక ఉంది, నోరుంది, తినేది గాలి. అచ్చం మీ మేనమామే" అంది. నవ్వుతూ నవ్వుతూ తుమ్మింది. అయిదారు వరసగా. ఇస్త్రీ ఆవిరి పడటం లేదట.

ఆగస్టు 9

మొదటి వారం టేపు విప్పాను. లోపల డ్రమ్ము గంటకు రెండు మిల్లీమీటర్ల చొప్పున తిరుగుతుంది. దాని మీది జిగురు టేపుకు గాల్లోవి అతుక్కుంటాయి. ఏ గంటలో ఏది వచ్చిందో టేపు మీద చోటును బట్టి చెప్పెయ్యొచ్చు. ఏడు ముక్కలు చేసి, గులాబీ రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టాను. గడ్డి పుప్పొడి ఉంది, దుమ్ము ఉంది, బట్టల పీచు బోలెడు. రాగ్‌వీడ్ సున్నా.

ఏడు సార్లు సున్నా రాశాను. చేతిరాత ఇంత గుండ్రంగా ఎప్పుడూ రాలేదు.

ఆగస్టు 16

మూడు.

గుండ్రంగా, ఒళ్లంతా పొట్టి ముళ్లు. పొరపాటు పడటానికి లేదు, రోజుకు వందలు చూస్తాను. అయితే నా ఒంటి మీంచి రాలి ఉండాలి. ఆ మొక్కలున్న మా గ్రీన్‌హౌస్ నుంచి చేతులు కడుక్కోకుండా వచ్చి ఉంటాను. అంటే తప్పు నాది, గాలిది కాదు. గాలిలో లేనిదాన్ని ఉన్నట్టు రాస్తే అదీ అబద్ధమే కదా.

సున్నా రాశాను.

ఆగస్టు 17

మూడంటే ఏమీ కాదు.

ఆగస్టు 23

నలభై ఒకటి. మూడు రోజుల టేపులోనే.

ఎక్కువ భాగం ఒకే చోట గుమిగూడాయి. పొద్దున ఏడు గంటల దగ్గర. మూడు రోజులూ అంతే, స్కేలు పెట్టి గీసినట్టు.

గ్రీన్‌హౌస్‌లో మా కోసం రాగ్‌వీడ్ పెంచే తోటాయన ఒకసారి చెప్పాడు. చదువు లేకపోయినా ఆ మొక్క సంగతి ఆయనకు తెలిసినంత మేడమ్‌కి కూడా తెలియదు. "ఎండ తగలగానే దులుపుకుంటుందమ్మా ఇది. దగ్గర్లో ఉంటే పొద్దున్నే దొరికిపోద్ది. ఊరవతలిది నీదాకా వచ్చేసరికి మధ్యాహ్నం దాటుద్ది. పొద్దున్నే వచ్చిందంటే ఇంటి దొంగే!" అని, "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు, నీ టేపు పట్టుద్ది" అని పకపకా నవ్వి, నవ్వు దగ్గులోకి దిగితే జేబులోంచి ఇన్‌హేలర్ తీశాడు.

కానీ నేను రోజూ ట్రాప్ గడియారానికి కీ ఇచ్చేది ఏడింటికే. ఆ సమయంలో దాని ముందు నిలబడేది నేనే. నా జుట్టు, నా బట్టలు. కాబట్టి ఇంటి దొంగను నేనే అన్నమాట. రేపటి నుంచి తలస్నానం చేశాకే పైకి వెళ్లాలి.

సున్నా.

ఆగస్టు 24

అమ్మ కళ్లు ఎర్రబడ్డాయి. కొత్త సబ్బు పొడి పడలేదేమో. "నీ మైక్రోస్కోపు కింద పెట్టి చూడవే నా కళ్లు" అంటోంది.

ఆగస్టు 30

మేడమ్ మా ఇంటి పేజీలు తిరగేసి, "శుభ్రంగా ఉంది. చాలా శుభ్రంగా ఉంది" అన్నారు. రెండోసారి అన్నప్పుడు నా వైపు చూశారా, లేదా? చూడలేదనుకుంటాను.

మొన్నటి పేజీల మీద నేను గీత కొట్టలేదు. కొట్టడానికి అక్కడ తప్పు ఉండాలి కదా. సున్నా తప్ప ఏమీ లేదు.

ఇంటికి వస్తుంటే వీధి చివర టైలరమ్మ ఆపింది. "మీ అమ్మ చేతివాసి మంచిదమ్మా" అంది. ఇస్త్రీ గురించే అనుకుని సరేనన్నాను. ఆవిడా ముక్కు తుడుచుకుంటూనే ఉంది. ఈ ఏడు అందరికీ జలుబే.

సెప్టెంబరు 1

తెల్లకోటు ఉతకడానికి ఇవ్వమని అమ్మ అడిగింది. లాబ్ కోటు లాబ్ దాటకూడదు, అక్కడే సంచిలో వేసి మూతి కట్టాలి. అది కూడా రూలే. కానీ లాబ్ వాళ్లు ఉతికిస్తే నలిగిపోయి వస్తుంది. మొదటి ఏడాది ఒకసారి నేను ఆ నలిగిన కోటుతో ఇంటికి వస్తే అమ్మ చిన్నబోయింది. "ఊరందరి బట్టలూ మడత నలక్కుండా చేసే దాన్ని, నా కూతురు ఇలా తిరిగితే నలుగురూ నా మొహాన ఉమ్మెయ్యరూ?" అంది. అప్పటి నుంచి వారానికోసారి కోటు సంచిలో దాచి తెస్తున్నాను. దులిపే తెస్తాను. అది అమ్మ ఎవరినీ ముట్టుకోనివ్వదు. చేతుల మడతలు విప్పి, జేబులు తిరగేసి, తనే చేస్తుంది.

ఆ నలిగిన కోటు రోజే అడిగింది, ఆ మొక్క పేరేంటని. అసలు పేరు అంబ్రోజియా అని చెప్పాను. అంటే ఏమిటే అంది. దేవతలు తాగేది, మన భాషలో అమృతం అని గొప్పగా చెప్పాను. "ఇప్పుడు మనకు అన్నం పెట్టేది ఇదే" అని కూడా అన్నాను. మిగతాది చెప్పానా? మనుషుల ఊపిరి తీస్తుందని చెప్పే ఉంటాను. చెప్పే ఉంటాను. చెప్పకుండా ఎలా ఉంటాను?

సెప్టెంబరు 6

రెండు వందల పన్నెండు.

తలస్నానం చేశాను. కొత్త బట్టలు కట్టుకున్నాను. చేతులకు తొడుగులు వేసుకున్నాను. మంగళవారం నేను పైకి వెళ్లనే లేదు. మంగళవారం టేపు మీద కూడా ఏడు గంటల గీత ఉంది. రంగు వేస్తే మైక్రోస్కోపు లేకుండానే గులాబీ మరకలా కనిపిస్తోంది.

నేను కాదు.

అయితే ఎవరు? చుట్టుపక్కల మొక్క లేదు, కిందటేడు మ్యాప్ తయారయ్యేటప్పుడు ఈ వీధంతా నేనే తిరిగి చూశాను. రెండు వైపులా ఇళ్లు, అరుగులు, కాలవ, చెత్త కుప్ప. లాండ్రీ వెనక బట్టలారేసే పెరడు ఒకటే చూడలేదు. అక్కడ మట్టి ఎక్కడుంది, అంతా గచ్చే. పైగా ఆ పెరట్లోకి వెళ్లి చాలా రోజులైంది. తీరిక ఉండటం లేదు. వెళ్తే పనివాళ్లందరూ చేతుల్లో బట్టలు ఆపేసి లేచి నిలబడతారు, నాకంటే పెద్దవాళ్లు కూడా. అమ్మ వాళ్లకి నన్ను చూపిస్తుంది, నేను ఎక్కడ చూడాలో తెలియక తీగల మీది దుప్పట్లు చూస్తాను. తీరిక ఉండటం లేదు.

లాబ్ పుస్తకంలో సున్నా రాశాను. ఇప్పుడు మార్చి రాస్తే పాత సున్నాల సంగతి అడుగుతారు.

సెప్టెంబరు 8

అమ్మ ఊపిరి తీసుకుంటుంటే ఈల వినిపిస్తోంది. మెట్లెక్కి వచ్చి గడప పట్టుకుని నిలబడింది, పొద్దున ఎనిమిదికి. "ముసలి ప్రెషర్ కుక్కర్‌ని అయిపోయానే, ఇంకో రెండు కూతలకి దింపెయ్యి" అని తనే నవ్వింది. చేతివేళ్ల మీద పసుపు పొడి ఉంది. ఏమిటంటే ఏదో రంగు బట్ట అంది. దగ్గరకు వెళ్తే చేదు ఆకు వాసన వేసింది. గ్రీన్‌హౌస్ వాసన. కోటు సంచిదై ఉండాలి, తలుపు వెనకే వేలాడుతోంది.

మొదట ముక్కు, తర్వాత కళ్లు, తర్వాత ఛాతీ. మెట్లు ఎక్కినట్టు ఎక్కుతుంది అని తోటాయన అంటాడు. అది ఆయన సంగతి.

క్లినిక్‌కి తీసుకెళ్లాను. నర్సమ్మ కాగితం మీద రాసుకుంటూ, "ఇంటి దగ్గర మొక్కలేమైనా ఉన్నాయా?" అని అడిగింది.

"లేవు" అన్నాను. అమ్మ ఏదో చెప్పబోయింది. దగ్గొచ్చింది. ఆ దగ్గు తగ్గేలోపు నేను, "అమ్మ ఇస్త్రీ చేస్తుంది, ఆవిరి పడదు" అని మొత్తం నేనే చెప్పేశాను. నా చదువు చూసి నర్సమ్మ నా మాటే రాసుకుంది.

సెప్టెంబరు 13

టేపు తీశాను. చూడలేదు. సున్నా రాశాను.

సెప్టెంబరు 14

పొద్దున ఏడూ పదికి లాండ్రీ నడిపే పెద్దమ్మ కింద నుంచి కేకేసింది. "ఒసేయ్, చదువుకున్న దానా! మీ అమ్మ నీలంగా అయిపోతోందే, దిగవే!"

లాండ్రీలోంచి వెళ్లలేదు, పక్క సందులోంచి పెరట్లోకి పరిగెత్తాను. తీగల నిండా తెల్ల దుప్పట్లు. వాటిని చేత్తో తోసుకుంటూ తోసుకుంటూ వెళ్తే చివర బాయిలరు గది గోడ వారగా కనిపించాయి. సబ్బు పొడి ఖాళీ డబ్బాలు. పదహారు. ఒక్కో డబ్బాలో నా భుజం ఎత్తు మొక్క. చీలికలు చీలికలుగా ఆకులు, కొమ్మ కొమ్మకీ పూల కంకులు. ఒక్క ఎండుటాకు లేదు. ఇంత ఆరోగ్యంగా మా గ్రీన్‌హౌస్‌లో కూడా లేవు. ఎండ అప్పుడే గోడ దిగి వాటి మీద పడుతోంది, గాలి వీచినప్పుడల్లా కంకుల్లోంచి పొగలా పొడి లేచి దుప్పట్ల మీద వాలుతోంది.

అమ్మ వాటి మధ్య నేల మీద కూర్చుని ఉంది. రెండు చేతుల దోసిలి మొహానికి ఆనించుకుని లోపలికి పీలుస్తోంది. దోసిట్లో నలిపిన కంకులున్నాయి.

"పీల్చకమ్మా! పీల్చకు!" అని ఆ చేతులు లాగేశాను. నా వైపు చూసింది. నేను మందు లాక్కున్నట్టు చూసింది.

సెప్టెంబరు 15

వార్డులో ఉంది. మాస్కు పెట్టారు. ఇంకో పావుగంట ఆలస్యమై ఉంటే దక్కేది కాదని డాక్టరు అన్నాడు.

మాస్కు పక్కకు జరిపి కొంచెం కొంచెంగా చెప్పింది. కిందటేడు కాదు, అంతకు ముందు ఏడు నా కోటు చేతి మడతలో గింజలు దొరికాయట. "చిన్న చిన్నవే, తలమీద కిరీటాలు పెట్టుకున్నట్టున్నాయి. పారెయ్యడానికి మనసొప్పలేదే. నువ్వే చెప్పావుగా అమృతమని, మనకు అన్నం పెట్టేదని."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఎప్పుడన్నా వస్తావు కదా పెరట్లోకి, నువ్వే చూసి ఆశ్చర్యపోతావనుకున్నా. రాలేదు నువ్వు."

రెండేళ్లు రాలేదు నేను.

"ఛాతీ పట్టేసినప్పుడల్లా కాస్త నలిపి వాసన చూసేదాన్ని. చేదుగా ఉంటే మంచిదనుకున్నా" అంది. కాసేపు ఊపిరి తీసుకుని, "మరి దానికి అంత మంచి పేరెందుకు పెట్టారే?" అని అడిగింది.

మూడేళ్లుగా ఆ మొక్క మీదే బతుకుతున్నాను, ఆ ఒక్కటీ ఎవరినీ అడగలేదు.

సెప్టెంబరు 17

తోటాయన రెండు ముక్కు ముసుగులు పట్టుకుని వచ్చాడు. ఒకటి ఆయనకు, ఒకటి నాకు. కంకులు కదలకుండా ఒక్కో మొక్కనూ తడిపి, ముందు సంచి తొడిగి, తర్వాత వేళ్లతో సహా పీకాం. కింద డబ్బా మట్టిని కూడా మూటకట్టాం. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది, మట్టిలో పడ్డ గింజ నలభై ఏళ్ల దాకా చావదు. గచ్చు పగుళ్లలో ఎన్ని దిగాయో.

"బాగా పెంచింది మీ అమ్మ" అన్నాడు ఆయన, సంచి మూతి బిగిస్తూ. వేళాకోళం కాదు. ఒక పెంపకందారు ఇంకో పెంపకందారును మెచ్చుకున్నట్టే అన్నాడు.

పెద్దమ్మ దుప్పట్లన్నీ మళ్లీ ఉతికించింది. నిన్న మొన్న వెళ్లిపోయినవి ఎక్కడున్నాయని అడిగాను. లాడ్జికి కొన్ని, అమ్మ ఉన్న ఆస్పత్రికే కొన్ని అంది. అమ్మ తల కింద ఉన్న దిండు గలీబు మీద లాండ్రీ గుర్తు చూశాను. మార్పించాను.

సెప్టెంబరు 18

మేడమ్ దగ్గరికి వెళ్లాను. నిలబడే చెప్పాను. మూడు, నలభై ఒకటి, రెండు వందల పన్నెండు, చూడని వారం ఒకటి. కోటు సంగతి. పెరటి సంగతి.

ఆవిడ అంతా విన్నారు. తర్వాత, "అమ్మ ఎలా ఉన్నారు?" అన్నారు.

"ఊపిరి తీసుకుంటోంది."

"పుస్తకం తియ్యి."

తీశాను. ఆవిడ చూస్తుండగా సున్నాల మీద ఒక్కొక్క గీత కొట్టాను. దాచిన టేపు ముక్కలు మళ్లీ లెక్కపెట్టి అసలు అంకెలు పక్కన రాశాను. చూడని వారంలో అయిదు వందల ముప్ఫై. సంతకాలు పెడుతుంటే చెయ్యి నొప్పెట్టింది. గీతల కింద నా గుండ్రటి సున్నాలు చక్కగా చదవడానికి వీలుగానే ఉన్నాయి.

"రిపోర్టులో నీ పేరు ఉండదు" అన్నారు. "ఉద్యోగం సంగతి పైవాళ్లు తేలుస్తారు. అప్పటిదాకా ఆ ట్రాప్ నువ్వే చూడు. ఆ అంకెలు సున్నాకి దిగాలి. దిగితే నాకు చూపించు. దిగకపోతే ముందు చూపించు."

సెప్టెంబరు 21

అమ్మకు తగ్గుతోంది. మాస్కు పగటిపూట తీస్తున్నారు. కుక్కర్ ఇంకా రెండు మూడు కూతలు పనిచేస్తుందట.

సెప్టెంబరు 27

మొక్కలు పీకి పది రోజులు. డ్రమ్ము కడిగాను, డాబా కడిగాను, పెరడు మూడుసార్లు కడిగించాను. టేపు విప్పాను.

నూట తొంభై.

ఏడు గంటల దగ్గర. ఏడు రోజులూ.

మళ్లీ లెక్కపెట్టాను. నూట తొంభై రెండు. రాశాను. ఈసారి ఉన్నదే రాశాను. రాసి మైక్రోస్కోపు ముందే కూర్చుండిపోయాను. పీకేసిన మొక్క దులుపుకోదు. ఇది దగ్గరిదే, పొద్దున్నదే, ఇంకెవరిదో.

అప్పుడు టైలరమ్మ గుర్తొచ్చింది. చేతివాసి.

సెప్టెంబరు 28

అమ్మ మంచం మీద కూర్చుని కిటికీలోంచి చూస్తోంది. ఎలా అడగాలో తెలియక దుప్పటి సర్దుతూ అడిగాను.

"అమ్మా, ఆ మొక్కలు ఎవరికైనా ఇచ్చావా?"

మొహం వెలిగింది. ఇన్నాళ్లకి నేను ఆ మాట అడిగినందుకు వెలిగింది. "ఊరికే మొలిచేవే! వసంతంలో గచ్చు పగుళ్ల నిండా నారే. అడిగిన వాళ్లందరికీ ఇచ్చా. మా అమ్మాయి చదివిన మొక్క అని నీ పేరు చెప్పి మరీ ఇచ్చా. నీ పేరు చెప్తే ఎవరూ వద్దనలేదు."

అంటూ అంటూ నా మొహం చూసింది. వెలుగు అలాగే ఉండి, కళ్లు మాత్రం మారాయి. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎందరికమ్మా?"

రెండు అరచేతులూ విప్పి చూపించింది. మూసింది. మళ్లీ విప్పింది.

జాబితా నేను రాసుకుంటున్నాను. ఈ పుస్తకంలోనే, ఇందులో ఇక ఏదీ చింపను. అమ్మ కళ్లు మూసుకుని ఒక్కొక్క గుమ్మం గుర్తు చేసుకుంటోంది. టైలరమ్మకు రెండు. బేకరీ ఆయనకు మూడు, అరుగు మీద పెట్టాడట. మందుల షాపుకు ఒకటి. లాండ్రీ పనివాళ్లకు తలా ఒకటి. బట్టలు ఉతకడానికి తెచ్చే బడి ఆయాకు పన్నెండు. గేటు లోపల రెండు వైపులా వరసగా నాటారట, పిల్లలే నీళ్లు పోస్తున్నారట.

ముందు ఆ గేటు దగ్గరికే వెళ్లాలి. రేపు సోమవారం. బడి ఏడింటికి తెరుస్తారు.